రెండోసారి దిద్దిన ఓనమాలు



ఒక కంపోజిటర్ పేరు మీద స్మారకోపన్యాసం పెట్టాలన్న ఆలోచన నాది కాదు. ఆయన పక్కన నిలబడి సీసం అక్షరాలు ఏరినవాళ్ళది, ఆయన చేత శుభలేఖలు, కరపత్రాలు వేయించుకున్న ఈ పేటవాళ్ళది. తొలి ఉపన్యాసం కూతురే చేయాలని వారు పట్టుబట్టారు. నేను ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పుకొని బతికినదాన్ని. కన్నతండ్రిని తలుచుకునేటప్పుడు కూడా ఆ అలవాటు నన్ను వదలదు. ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ 1914లో జరిగింది ఈ బెజవాడలోనే. పుస్తకాన్ని ఇంటి మనిషిలా చూసుకున్న ఊరు కాబట్టి, పుస్తకాన్ని తయారుచేసిన చేతుల మాట ఇక్కడ ఎత్తితే వినేవారుంటారని నా నమ్మకం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తెలుగు అక్షరం తాటాకు నుంచి సీసానికి, సీసం నుంచి కంప్యూటర్ తెరకు మారిన ప్రతిసారీ, నడివయసు దాటిన పనివాడెవరో మళ్ళీ బడిపిల్లవాడై ఓనమాలు దిద్దాడు. మన సాహిత్య చరిత్రలు కవులను లెక్కపెట్టాయి, పోషకులను లెక్కపెట్టాయి, ప్రచురణకర్తలను కూడా కొంతవరకు లెక్కపెట్టాయి. రెండోసారి దిద్దినవాళ్ళు మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. మా నాన్నగారు వాళ్ళలో ఒకరు.

తాటాకుల కాలంలో పరిస్థితి ఇలా ఉండేది కాదు. గంటం పట్టి ప్రతి రాసిన లేఖకుడు చివరి ఆకు మీద తన పేరు, ఊరు, ఏ సంవత్సరం ఏ తిథినాడు పూర్తిచేశాడో రాసుకునేవాడు. నడుము విరిగింది, మెడ వంగిపోయింది, ఇంత కష్టపడి రాసినదాన్ని జాగ్రత్తగా కాపాడండి అని చదువరిని వేడుకునేవాడు. తప్పులుంటే మన్నించమనేవాడు. గ్రంథం కవిది, ప్రతి తనది. ఆ తేడా తెలిసినవాడు కనుకనే ధైర్యంగా సంతకం చేశాడు. తాళపత్ర భాండాగారాల్లో ఆ చివరి ఆకులు చదివిన ప్రతిసారీ నాకు ఒకే ప్రశ్న వచ్చేది. అచ్చు వచ్చాక ఈ సంతకం ఏమైంది?

తెలుగు మొదట అచ్చయింది మన నేల మీద కాదు. చెన్నపట్నంలో తెలుగు నేర్చుకున్న జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ స్వదేశానికి తిరిగి వెళ్ళి, 1746-47 ప్రాంతంలో హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. పరాయి భాషను నేర్చుకోవడం ఒక ఎత్తు, దాని అక్షరాలను లోహంలో పోయించడం మరో ఎత్తు. ఆ తర్వాత కథ బెంగాల్లోని శ్రీరాంపురానికి మారుతుంది. అక్కడ విలియం కేరీ, ఆయన సహచరులు పెట్టిన ముద్రణాలయం 1812 మార్చి 11 రాత్రి కాలిపోయింది. అనేక భాషల అచ్చక్షరాలు కరిగి ముద్దయ్యాయి. కాగితం బూడిదయింది. కాలిపోయిన రాతప్రతుల్లో కేరీ రాస్తున్న తెలుగు వ్యాకరణం కూడా ఉంది. కేరీకి అప్పుడు యాభయ్యేళ్ళు. శిథిలాలు తవ్వితే అక్షరాల మూసలు కొట్టే ఉక్కు పంచీలు మాత్రం చెక్కుచెదరకుండా దొరికాయి. కరిగిన సీసాన్నే పోగుచేసి మళ్ళీ అక్షరాలు పోశారు. కేరీ వ్యాకరణాన్ని మళ్ళీ మొదటినుంచి రాశాడు. 1814లో అది వెలువడింది. 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా అక్కడే అచ్చయింది. కేరీ పట్టుదలను చరిత్రకారులు మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిందే. ఆ కొలిమి దగ్గర రాత్రింబవళ్ళు నిలబడినవాళ్ళ మాటేమిటి? శ్రీరాంపురం అక్షరపోతగాళ్ళలో పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ లాంటి ఒకరిద్దరి పేర్లు వంగదేశంలో నిలిచాయి. మిగిలినవాళ్ళంతా ‘పనివాళ్ళు’ అన్న ఒక్క మాటలో కలిసిపోయారు.

తర్వాతి వందేళ్ళ కథ మీలో చాలామందికి తెలిసిందే. బ్రౌన్ దొర నిఘంటువు 1852లో వచ్చింది. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు చెన్నపట్నంలో ముద్రాక్షరశాల పెట్టారు. వీరేశలింగం గారు 1874లో ‘వివేకవర్ధని’ మొదలుపెట్టి, రాజమండ్రిలో సొంత అచ్చుయంత్రం ఏర్పాటు చేసుకున్నారు. బ్రౌన్ దగ్గర పనిచేసిన జూలూరి అప్పయ్య వంటి పండితుల పేర్లు మనకు దక్కాయి. ఆ నిఘంటువులోని వేలవేల పదాలను ఒక్కొక్క అక్షరంగా ఏరి పేర్చినవాళ్ళ పేర్లు దక్కలేదు.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. 1867లో వచ్చిన ముద్రణాలయాల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, అచ్చయిన చోటు ఉండితీరవలసి వచ్చేది. మన పుస్తకాల రెండో పేజీలో ముద్రణ వివరాలు కనబడేది అందుకే. అది గౌరవంతో అడిగిన పేరు కాదు. ప్రభుత్వానికి నచ్చనిది అచ్చయితే ఎవరి తలుపు తట్టాలో తెలియడానికి అడిగిన పేరు. యజమాని దొరికితే చాలు గనుక కంపోజిటర్ పేరు ఆ చట్టానికి అక్కరలేకపోయింది. అంటే లేఖకుడికి తన శ్రమ వల్ల దక్కిన సంతకం, కంపోజిటర్‌కు నేరస్థుడిగా కూడా దక్కలేదు. ఆ చట్టం స్థానంలో 2023లో కొత్తది వచ్చింది. అది పత్రికలకు మాత్రమే పరిమితం.

నేరస్థుడిగా కూడా దక్కలేదన్నాను గాని, ఒకచోట దక్కింది. అచ్చుతప్పులకు మన పండితులు విశాఖదత్తుడి నాటకం పేరు అరువు తెచ్చుకొని ‘ముద్రారాక్షసాలు’ అని పేరు పెట్టారు. ముందుమాటల్లో, చివరి తప్పొప్పుల పట్టికల్లో రాక్షసుడుగా కంపోజిటర్ కనిపిస్తాడు. రచయితకు తెలియకుండా సరిదిద్దిపెట్టిన తప్పులకు పట్టిక ఎక్కడా లేదు.

నాన్నగారు 1944లో కృష్ణా డెల్టాలోని ఒక పల్లెలో పుట్టారు. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. 1959లో, పదిహేనో ఏట, బెజవాడలో ఒక ప్రెస్సులో డిస్ట్రిబ్యూషన్ కుర్రాడుగా చేరారు. ఆ పని చూడని తరం కోసం కొంచెం నిదానంగా చెబుతాను.

ఒక ఫారం అచ్చు పూర్తయ్యాక ఆ అక్షరాలన్నిటినీ కిరసనాయిలుతో కడిగి, విడగొట్టి, ఏ గడిలోది ఆ గడిలో తిరిగి వేయాలి. అదే డిస్ట్రిబ్యూషన్. ఇంగ్లీషుకు పెద్దక్షరాలకొకటి, చిన్నక్షరాలకొకటి, రెండు కేసులు చాలు. తెలుగులో క, కా, కి, కీ అంటూ గుణింతమంతా వేరువేరు అక్షరాలే. వాటి కింద తగిలించే వత్తులు మళ్ళీ వేరు. వందల గళ్ళ కేసులు కంపోజిటర్ చుట్టూ గోడలా నిలబడి ఉండేవి. కుర్రాడు ‘ఘ’ను తీసుకెళ్ళి ‘ఫు’ గడిలో వేశాడంటే, ఆ తప్పు వెంటనే బయటపడదు. నెల తర్వాత, ఇంకెవరి పుస్తకంలోనో బయటపడుతుంది. “ఈ పుస్తకంలో తప్పు పోయిన పుస్తకంలో చేసిందమ్మా” అనేవారు నాన్నగారు. మూడేళ్ళు ఆ గళ్ళు నింపాక గాని చేతికి అక్షరాలు పేర్చే స్టిక్కు రాలేదు.

స్టిక్కు ఎడమచేతిలో ఉంటుంది. కుడిచేయి గడిలోకి వెళ్ళి అక్షరాన్ని తెస్తుంది. కన్ను ఆ అక్షరం మీద ఉండదు, ఎదురుగా ఉన్న రాతప్రతి మీద ఉంటుంది. అక్షరం ఒంటి మీద ఒకవైపు చిన్న గాడి ఉంటుంది. ఆ గాడి వేలికి తగిలితే అక్షరం సరిగ్గా నిలబడినట్టు. పంక్తి ఎడమనుంచి కుడికే నడుస్తుంది గాని అక్షరాలన్నీ తలకిందులు, అద్దంలో బొమ్మలు. నాన్నగారు టీ కొట్టులో బల్లకు అవతల కూర్చున్నవాడి చేతిలోని పేపరును ఇవతలినుంచే తడుముకోకుండా చదివేవారు. దీపావళి దాటితే పంచాంగాల పని మొదలయ్యేది. గళ్ళు, గీతలు, అంకెలు, తిథుల ఘడియలు, విఘడియలు. అందరూ తప్పించుకునే ఆ పనిని ఆయన కోరి తీసుకునేవారు. దానికి రేటు కాస్త ఎక్కువ.

ఒకసారి ఒక కవిగారి పద్యాల పుస్తకం కంపోజు చేస్తూ, ఒక సీసపద్యం పాదం దగ్గర ఆగి, ఇక్కడ యతి తప్పినట్టుందని ప్రూఫ్‌రీడరుకు చెప్పారట. ఎనిమిదో తరగతి చదివినవాడికి యతి ఎలా తెలుసునని ఆయన నవ్వి, ఎందుకైనా మంచిదని కవిగారికి చూపించారు. పాదం మారింది. నాన్నగారికి ఛందస్సు తెలియదు. వేల పద్యాలు పేర్చిన వేళ్ళకు తెలుసు.

ఇంట్లో మా అమ్మ ప్రెస్సు నుంచి వచ్చిన ఫారాలు మడతపెట్టేది. మైదాపిండిలో మైలతుత్తం కలిపి ఉడికించిన జిగురు వాసన లేకుండా నా చిన్నతనం గుర్తురాదు. ఇద్దరి కూలీ కలిపినా నెలాఖరు గడిచేది కాదు. పెళ్ళిళ్ళ సీజనులో నాన్నగారు రాత్రి పొద్దుపోయాక ఇంకో చిన్న ప్రెస్సుకు వెళ్ళి శుభలేఖలు కంపోజు చేసి తెల్లవారుజామున వచ్చేవారు. సీసానికి విరుగుడని పనివాళ్ళకు సాయంత్రం ఒక అరటిపండు ఇచ్చేవారు. నాన్నగారి వంతు పండు ఏనాడూ ఆయన నోట్లోకి వెళ్ళినట్టు నాకు తెలియదు. అది జేబులో మాకోసం ఇంటికి వచ్చేది. విరుగుడు మేము తిన్నాం, సీసం ఆయన తిన్నారు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. మా మేనత్త కుటుంబం ఉండేది సముద్రానికి దగ్గరి ఊళ్ళో. నాన్నగారు బస్సు వెళ్ళినంత దూరం బస్సులో వెళ్ళి, పులిగడ్డ అక్విడక్టు దాటాక నడిచి వెళ్ళారు. తొమ్మిదో రోజున తిరిగి వచ్చారు. వెంట పదకొండేళ్ళ మా బావ. అత్తయ్య గురించి మేమెవరం అడగలేదు. అమ్మ ఇంకో కంచం పెట్టింది. ఆ రోజు నుంచి ఇంట్లో పిల్లలం ముగ్గురం.

బావ నెలల తరబడి నోరు విప్పలేదు. విరిగిపోయి కరగబెట్టడానికి పక్కన పడేసిన అక్షరాలను నాన్నగారు యజమానిని అడిగి ఒక డబ్బాలో వేసి తెచ్చి వాడి ముందు పెట్టేవారు. ఏమీ చెప్పేవారు కాదు. తను పక్కన కూర్చుని తనకు తోచిన మాటలేవో పేర్చేవారు. కొన్నాళ్ళకు బావ కూడా పేర్చడం మొదలుపెట్టాడు. వాడు మొదట పేర్చిన మాట వాళ్ళ ఊరి పేరు. ఆడుకున్నాక అక్షరాలు విడగొట్టి డబ్బాలో వేయడం మా ఇంటి నియమం. ఆ ఒక్కదాన్ని నాన్నగారు విడగొట్టనివ్వలేదు. కంపోజిటర్లు మ్యాటరు చెదిరిపోకుండా కట్టే పద్ధతిలో చుట్టూ దారం చుట్టి, గూట్లో పెట్టారు. అది ఈ బల్ల మీద ఉంది. సభ అయ్యాక చూడవచ్చు. దారం మాత్రం విప్పకండి.

1993లో నాన్నగారు పనిచేసే ప్రెస్సు మూతపడింది. అప్పటికే పెద్ద పత్రికలు సీసాన్ని వదిలేశాయి. డీటీపీ, ఆఫ్‌సెట్ ప్రతి వీధిలోకీ వచ్చేశాయి. యజమాని చెడ్డవాడు కాడు. ఆయన కూడా మునిగినవాడే. ముప్పై నాలుగేళ్ళు నాన్నగారు ఏరి, పేర్చి, కడిగి, తిరిగి గళ్ళలో వేసిన అక్షరాలను గోనెసంచుల్లో పోసి కిలోల లెక్కన తూచారు. కొంత బ్యాటరీలవాళ్ళు కొన్నారు, కొంత వలలకు గుళ్ళు పోసేవాళ్ళు కొన్నారు. నాన్నగారు తన స్టిక్కుకు ఖరీదు కట్టించుకొని, డబ్బిచ్చి తెచ్చుకున్నారు.

సీసం పోయిందని నేను కన్నీరు పెట్టను. అది ఒళ్ళు గుల్లచేసే లోహం. ఆ గదుల్లో వెలుతురు లేదు, జీతాలు చాలవు, పీఎఫ్ అన్న మాట చాలామంది విననే లేదు. పాతదంతా బంగారమనేవాళ్ళు ఆ బల్ల దగ్గర పదిగంటలు నిలబడి ఉండరు. నా ఫిర్యాదు వేరే ఉంది. ఒక భాష తన అక్షరాన్ని కొత్త యంత్రంలోకి మార్చుకుంటున్నప్పుడు, పాత యంత్రం దగ్గర బతికినవాళ్ళకు కొత్తది నేర్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. నాన్నగారితో పనిచేసిన పదకొండు మందిలో కీబోర్డు దాకా వచ్చినవాళ్ళు ముగ్గురు. తక్కినవాళ్ళలో ఒకరు రాత్రి కాపలాకు వెళ్ళారు, ఒకరు సోడాబండి పెట్టుకున్నారు, ఒకరు ఊరికి వెళ్ళిపోయారు. వాళ్ళకు పట్టుదల తక్కువని నేను అనను. నాన్నగారికి ఫీజు కట్టేవాడు ఉన్నాడు, వాళ్ళకు లేడు.

ఆ ఫీజు కట్టింది బావ. అప్పటికి ఎలక్ట్రీషియన్‌గా నిలదొక్కుకున్నాడు. నలభై తొమ్మిదేళ్ళ మావయ్యను సందు చివరి కంప్యూటర్ సెంటరులో చేర్పించి వచ్చాడు. నాకు అప్పుడే ఉద్యోగం వచ్చింది. సిగ్గుతోనే చెబుతున్నాను, నేను అడ్డుపడ్డాను. “ఈ వయసులో ఎందుకు నాన్నా, నేను పంపుతాగా” అన్నాను. ఆయన కోప్పడలేదు. “ఖాళీగా కూర్చుంటే వేళ్ళు కొట్టుకుంటున్నాయమ్మా” అన్నారు.

సెంటరులో నేర్పే అబ్బాయికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. నాన్నగారు అతన్ని ‘గురువుగారూ’ అనే పిలిచేవారు, ఎగతాళికి కాదు. అక్కడ దొరికే గంట చాలదని శుభలేఖల అట్టపెట్టె మూత వెనక పెన్సిలుతో కీబోర్డు గీసుకున్నారు. రాత్రిళ్ళు భోజనాలయ్యాక ఆ అట్ట మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చునేవారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి చూశాను. కుడిచేయి ఇట్టే అందుకుంది. దానికి ముప్పై నాలుగేళ్ళ వేగం ఉంది. ఎడమచేయి కదలలేదు. అది అన్నేళ్ళూ స్టిక్కు మోసిందే గాని ఒక్క అక్షరం ఏరలేదు. నాన్నగారు కుడిచేతిని ఒళ్ళో పెట్టుకొని, దాన్ని చూడకుండా, ఎడమచేతి నాలుగు వేళ్ళకు అ, ఆ, ఇ, ఈ నేర్పుతున్నారు. చిటికెన వేలు మొండికేస్తే కుడిచేత్తో దాన్ని పట్టుకొని అట్ట మీద మెల్లగా నొక్కించారు. నాకు పలకమీద వేలు పట్టి దిద్దించింది కూడా ఆ చేయే.

నాలుగు నెలలు పట్టింది. తర్వాత పదిహేడేళ్ళు ఆయన డీటీపీ చేశారు. కంప్యూటర్ మీద ఆయనకున్న ఫిర్యాదు ఒక్కటే. అక్షరానికి బరువు లేదు, తప్పు పడ్డా వేలికి తెలియదు. అందుకని తెర మీద చూసి వదిలేయకుండా, ప్రతి పేజీ ప్రింటు తీసి, కాగితాన్ని తలకిందులు చేసి ఒకసారి చదివేవారు. తిన్నగా చదివితే అర్థం అడ్డొచ్చి తప్పు కనబడదని ఆయన వాదన. నేను నా విద్యార్థుల పరిశోధనా వ్యాసాల మీద ప్రయోగించి చూశాను. నిజమే.

మూడోసారి కూడా దిద్దవలసి వచ్చింది. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరినా, మన అచ్చు ప్రపంచం చాలాకాలం పాత ఫాంట్లలోనే ఉండిపోయింది. ఒకచోట కొట్టింది ఆ ఫాంటు లేని ఇంకోచోట తెరిస్తే అర్థంలేని గుర్తులుగా కనబడేది. అరవై ఆరో ఏట నాన్నగారు యూనికోడ్‌లో టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నారు. ఈసారి అట్ట అవసరం రాలేదు. మనవడు నేర్పాడు. వాడినీ కొన్నాళ్ళు గురువుగారనే పిలిచారు. 2019లో పోయేదాకా ఈ సభ జరుగుతున్న గ్రంథాలయం కోసం పాత కరపత్రాలను, స్థానిక చరిత్ర వ్యాసాలను ఎత్తిరాసి ఇచ్చారు. గ్రంథాలయ కార్యవర్గం దగ్గర ఆ ఫైళ్ళున్నాయి.

ఆయన అక్షరం పేర్చిన పుస్తకాలు మా ఇంట్లో రెండు బీరువాల నిండా ఉన్నాయి. వాటిలో పాఠ్యపుస్తకాలున్నాయి, పంచాంగాలున్నాయి, నవలలున్నాయి, ఒకరిద్దరు పెద్ద కవుల తొలి సంపుటాలున్నాయి. ప్రతి పుస్తకంలోనూ రెండో పేజీ తెరిచి చూశాను. ముద్రాపకుడి పేరుంది, ముఖచిత్రం వేసినవారి పేరుంది, కొన్నిట్లో కాగితం ఇచ్చిన దుకాణం పేరు కూడా ఉంది. నాన్నగారి పేరు ఒక్కదానిలోనూ లేదు.

ఈ సభలో రచయితలున్నారు, ప్రచురణకర్తలున్నారు. మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ తర్వాతి పుస్తకంలో, ధర వేసే చోటికి పైన ఒక్క పంక్తి వదలండి. తాటాకు చివర లేఖకుడికి దొరికిన చోటు అది. ఈ ఉపన్యాసం అచ్చులోకి వస్తుందని తెలిశాక, దీన్ని టైపు చేస్తున్న అమ్మాయి పేరు రెండో పేజీలో వేయమని నిర్వాహకులను అడిగాను. ఒప్పుకున్నారు.